ఖాళీ అంటే సున్నా కాదు!

రెండు మెసేజింగ్ ప్రోటోకాల్స్ మధ్య ‘డిఫాల్ట్ ప్రయారిటీ’ జారిపోతే ఏమవుతుంది? దాన్ని ఎలా పట్టుకోవాలి? ఐటీ కొలువుకు సిద్ధమవుతున్న వారికి పనికొచ్చే ఓ ట్రబుల్‌షూటింగ్ పాఠం

సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. ఒకరి మెమోలో గణితం దగ్గర 0 ఉంది. ఇంకొకరి మెమోలో అదే చోట ‘ఆబ్సెంట్’ అని ఉంది. మరొకరిది అసలు ఖాళీగానే ఉంది, మార్కులు ఇంకా ఎక్కించలేదు. ముగ్గురికీ చేతిలో మార్కులు లేవు నిజమే. కానీ మూడూ ఒకటేనా? కాదు కదా! ఆ ఖాళీని సున్నాగా భావించి క్లాసు సగటు లెక్కేస్తే లెక్కంతా తప్పుతుంది. ఆ విద్యార్థికి అన్యాయమూ జరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో సరిగ్గా ఇలాంటి పొరపాటే తరచూ జరుగుతుంది. ముఖ్యంగా ఒక ప్రోటోకాల్‌లో బయల్దేరిన మెసేజ్ మరో ప్రోటోకాల్‌లోకి మారే చోట. ప్రోగ్రామ్ ఆగిపోదు. ఎర్రర్ రాదు. లాగ్‌లో ఒక్క ఎర్ర గీత కూడా కనిపించదు. కానీ ముందు వెళ్లాల్సింది వెనకపడుతుంది, వెనక ఉండాల్సింది ముందుకొస్తుంది. ప్రొడక్షన్ సపోర్ట్‌లోనో, ఇంటిగ్రేషన్ టీమ్‌లోనో కొత్తగా చేరినవారి ముందుకు ఇలాంటి టికెట్లే వస్తుంటాయి. కోడ్ రాయడం వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ‘తప్పు ఏ మలుపు దగ్గర జరిగింది’ అని పద్ధతిగా వెతకగలిగేవారు తక్కువ. ఆ నైపుణ్యం అలవడేందుకు ఈ సమస్య చక్కటి ఉదాహరణ.

అసలు ప్రయారిటీ ఎందుకు?

పెద్ద సంస్థల్లో ఒక అప్లికేషన్ మరో అప్లికేషన్‌తో నేరుగా మాట్లాడకుండా మధ్యలో ‘మెసేజ్ బ్రోకర్’ను పెట్టుకుంటుంది. పంపేవారిని ప్రొడ్యూసర్ అంటారు. తీసుకునేవారు కన్స్యూమర్. మధ్యలో మెసేజ్‌లు వరసగా నిలబడే చోటు క్యూ. మామూలుగా ముందొచ్చినది ముందు వెళ్తుంది. కానీ అన్ని మెసేజ్‌ల తొందరా ఒకటి కాదు. ఆసుపత్రి ఓపీలో టోకెన్ల వరస ఎంత పొడుగున్నా అంబులెన్స్‌లో వచ్చిన రోగిని ముందు లోపలికి పంపుతారు. క్యూలో ఆ పని చేసేదే ప్రయారిటీ అనే అంకె.

ఇక్కడొక విషయం బాగా గుర్తుంచుకోవాలి. క్యూ ఖాళీగా ఉన్నప్పుడు ప్రయారిటీకి పనే లేదు. వచ్చింది వచ్చినట్టే వెళ్లిపోతుంది. రద్దీ పెరిగి మెసేజ్‌లు పోగుపడినప్పుడే దాని ప్రభావం కనిపిస్తుంది. అందుకే ఈ లోపాలు టెస్టింగ్‌లో దొరకవు. పండగ రోజునో, సేల్ రోజునో, నెలాఖరునో బయటపడతాయి.

ఒకే మాట.. తలో అర్థం

ప్రయారిటీ అన్న మాట చాలా చోట్ల ఉంది. చెప్పకపోతే ఏమనుకోవాలి అన్న దగ్గరే తేడా. ఒక్కొక్కటీ చూద్దాం.

జేఎంఎస్: జావా ప్రపంచంలోని మెసేజింగ్ ప్రమాణం. ఇప్పుడు జకార్తా మెసేజింగ్ అంటున్నారు. 0 నుంచి 9 వరకు 10 మెట్లు. 0-4 మామూలు, 5-9 తొందరవి. ఏమీ చెప్పకపోతే 4.

ఏఎంక్యూపీ 1.0: 2012లో ఒయాసిస్ ప్రమాణమైంది. 2014లో ఐఎస్‌ఓ గుర్తింపు కూడా వచ్చింది. మెసేజ్‌కు ‘హెడర్’ అనే భాగం ఉంటుంది. అందులో ప్రయారిటీ ఫీల్డ్ ఉంటుంది. అయితే హెడర్ ఉండి తీరాలన్న నియమం లేదు. లేకపోతే అందుకున్నవారు 4గా భావించాలని ప్రమాణం చెబుతుంది.

ఏఎంక్యూపీ 0-9-1: పేరులో ఏఎంక్యూపీ ఉన్నా 1.0కూ దీనికీ వైర్ మీద పోలికే లేదు. రెండూ వేర్వేరు ప్రోటోకాల్స్. రాబిట్‌ఎంక్యూ ఎక్కువగా వాడుతున్నది దీన్నే. ఇందులోనూ ప్రయారిటీ ఫీల్డ్ ఉంది, పెట్టడం పెట్టకపోవడం మన ఇష్టం. రాబిట్‌ఎంక్యూ క్లాసిక్ ప్రయారిటీ క్యూలో ప్రయారిటీ లేకుండా వచ్చిన మెసేజ్‌ను 0గా లెక్కిస్తారు. 4 కాదు!

ఐబీఎం ఎంక్యూ: ఇక్కడ కూడా 0 నుంచి 9. ‘క్యూ ఎంత చెబితే అంత’ అని పంపేవారు వదిలేయొచ్చు. అప్పుడు ఆ క్యూకు పెట్టిన డిఫాల్ట్ విలువ వర్తిస్తుంది. మార్చకుండా వదిలేసిన క్యూలో ఆ విలువ 0.

ఎంక్యూటీటీ: సెన్సర్లు, స్మార్ట్ మీటర్లలాంటి పరికరాలు ఎక్కువగా వాడేది. ఇందులో ప్రయారిటీ ఫీల్డే లేదు. చాలామంది కొత్తవాళ్లు క్యూఓఎస్ 0, 1, 2లను ప్రయారిటీ అనుకుంటారు. అది పప్పులో కాలేయడమే. క్యూఓఎస్ చెప్పేది మెసేజ్ చేరిందన్న భరోసా గురించి. ఎవరు ముందు అన్న సంగతి అది చెప్పదు.

స్టాంప్: అక్షరాల రూపంలో నడిచే తేలికపాటి ప్రోటోకాల్. ప్రమాణంలో ప్రయారిటీ హెడర్ లేదు. యాక్టివ్‌ఎంక్యూలాంటి బ్రోకర్లు తమ వంతుగా దాన్ని చేర్చుకున్నాయి.

కాఫ్కా: మెసేజ్‌ల వారీ ప్రయారిటీ లేదు. ఒక పార్టిషన్‌లో చేరిన వరసలోనే చదువుతారు.

చూశారుగా! ఒకచోట ‘చెప్పలేదు’ అంటే 4. మరోచోట 0. ఇంకోచోట ఆ ప్రశ్నే లేదు. డిఫాల్ట్ అనేది మెసేజ్‌తో పాటు ప్రయాణించదు. అది ఆ ప్రోటోకాల్ నియమాల పుస్తకంలో ఉంటుంది. సరిహద్దు దాటగానే పుస్తకం మారిపోతుంది. అసలు తిరకాసు ఇక్కడే.

సంక్రాంతి రద్దీ.. రాని టికెట్

ఇప్పుడు ఒక బస్సు టికెట్ల సంస్థను ఊహించుకుందాం. టికెట్ బుకింగ్ విభాగం జావాలో ఉంది. అది ఏఎంక్యూపీ 1.0 ద్వారా యాక్టివ్‌ఎంక్యూ ఆర్టెమిస్ బ్రోకర్‌కు మెసేజ్‌లు పంపుతుంది. ప్రయాణికులకు ఎస్‌ఎంఎస్‌లు పంపే విభాగం పైథాన్‌లో ఉంది. అది రాబిట్‌ఎంక్యూ నుంచి తీసుకుంటుంది. రెండింటి మధ్య ఎవరో రాసిన చిన్న బ్రిడ్జ్ ప్రోగ్రామ్. ఇక్కడ తీసుకుని అక్కడ వేయడమే దాని పని.

మూడు రకాల మెసేజ్‌లున్నాయి. బస్సు రద్దయిందన్న హెచ్చరికకు ప్రయారిటీ 8. టికెట్ ఖరారైందన్న సమాచారం మామూలు మెసేజ్. కాబట్టి ప్రోగ్రామర్ ఏమీ పెట్టలేదు, డిఫాల్ట్ 4 ఉంటుందిలే అనుకున్నారు. ఆఫర్ల ప్రచారానికి తొందర లేదు, దానికి 2 అని స్పష్టంగా పెట్టారు. కాగితం మీద అంతా బాగుంది: 8, 4, 2.

ఇక ప్రయాణం చూడండి. ‘టికెట్ ఖరారు’ మెసేజ్‌లో ప్రయారిటీ ఫీల్డ్ లేదు. డిఫాల్ట్ విలువే అయినప్పుడు కొన్ని లైబ్రరీలు ఆ ఫీల్డ్‌ను పంపవు, కొన్ని బైట్లు మిగులుతాయని. ప్రమాణం దాన్ని అనుమతిస్తుంది. ఆర్టెమిస్ దాన్ని 4గానే అర్థం చేసుకుంటుంది. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. బ్రిడ్జ్ ఆ మెసేజ్‌ను తెరిచింది. ప్రయారిటీ ఫీల్డ్ ఉందా? లేదు. సరే, అవతల కూడా పెట్టకుండా వదిలేసింది. రాబిట్‌ఎంక్యూకు చేరింది. ప్రయారిటీ లేదు కాబట్టి 0.

ఇప్పుడు వరస ఎలా మారింది? బస్సు రద్దు 8. ఆఫర్లు 2. టికెట్ ఖరారు 0! తొందర లేనిదని తగ్గించి పెట్టిన ప్రచారం ముందుకెళ్లింది. డబ్బు కట్టినవారి టికెట్ అట్టడుక్కి చేరింది.

మామూలు రోజుల్లో ఎవరికీ తెలియలేదు. సంక్రాంతికి ముందు రోజు క్యూలో మెసేజ్‌లు పోగుపడ్డాయి. పిల్లల్ని, సామాన్లను వెంటబెట్టుకుని బస్టాండ్‌లో నిలబడ్డ ప్రయాణికుడి ఫోన్‌కు ‘తిరుగు ప్రయాణంపై తగ్గింపు’ అన్న ఎస్‌ఎంఎస్ వచ్చింది. టికెట్ మాత్రం రాలేదు. డబ్బు తెగింది, సీటు ఉందో లేదో తెలియదు. కాల్ సెంటర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. ఒక అంకె లేకపోవడం ఎంత పని చేసిందో చూడండి.

తొందరపాటు చికిత్సలు

ఇలాంటప్పుడు టీమ్‌లో మొదట వినిపించే సలహాలు రెండు. ఒకటి, ‘కన్స్యూమర్లను పెంచేద్దాం’. పెంచితే క్యూ ఖాళీ అవుతుంది, ఫిర్యాదులు ఆగుతాయి. కానీ లోపం అలాగే ఉంటుంది, మళ్లీ రద్దీ వచ్చినప్పుడు మళ్లీ లేస్తుంది. రెండు, ‘టికెట్ మెసేజ్‌కు 9 పెట్టేద్దాం’. అప్పుడు బస్సు రద్దయిందన్న హెచ్చరిక దాని వెనక పడుతుంది. రేపు ఇంకో విభాగం కూడా ‘మాదీ 9’ అంటుంది. అందరూ వీఐపీలైతే ఇక ప్రత్యేక వరస ఎందుకు?

రాత్రి పూట మంట ఆర్పడానికి కన్స్యూమర్లను పెంచడం తప్పు కాదు. కానీ అది తాత్కాలికమని టికెట్‌లో రాసిపెట్టి, అసలు కారణం కోసం వెతకాలి.

వెతకడానికి ఆరు మెట్లు

1. లక్షణాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి. ‘మెసేజ్‌లు లేటవుతున్నాయి’ అంటే సరిపోదు. ‘క్యూ పెరిగినప్పుడు మాత్రమే, టికెట్ ఖరారు మెసేజ్‌లు ఆఫర్ల మెసేజ్‌ల కన్నా వెనక వెళ్తున్నాయి’ అనాలి. ఈ వాక్యంలోనే సగం జవాబు ఉంది. నెట్‌వర్క్ నెమ్మదించి ఉంటే అన్నీ ఆలస్యం కావాలి. ఒక రకమే వెనకపడుతోందంటే వరస మార్చేది ఏదో ఉన్నట్టు.

2. దారి గీయండి. కాగితం, పెన్ను చాలు. పంపేవారు, లైబ్రరీ, ప్రోటోకాల్, బ్రోకర్, బ్రిడ్జ్, రెండో ప్రోటోకాల్, రెండో బ్రోకర్, తీసుకునేవారు. ప్రోటోకాల్ మారే ప్రతి చోటా ఒక ఎర్ర చుక్క పెట్టండి. మొదట అనుమానించాల్సినవి ఆ చుక్కలే.

3. ప్రతి మలుపు దగ్గరా ‘ఖాళీనా? సున్నానా?’ అని చూడండి. జాగ్రత్త, లైబ్రరీ చెప్పిన మాటను గుడ్డిగా నమ్మొద్దు. జేఎంఎస్ ప్రోగ్రామ్‌లో ప్రయారిటీ ఎంత అని అడిగితే, ఫీల్డ్ రాకపోయినా 4 అనే చెబుతుంది. అది దాని బాధ్యత. కానీ దాంతో ఖాళీ మన కంటికి కనిపించకుండా పోతుంది. వైర్ మీద ఏం వచ్చిందో చూడాలంటే టెస్ట్ వాతావరణంలో వైర్‌షార్క్ వాడొచ్చు. టీఎల్‌ఎస్ లేని కనెక్షన్ అయితే అది ఏఎంక్యూపీ ఫ్రేములను విప్పి చూపిస్తుంది. రాబిట్‌ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీలో క్యూ తెరిచి మెసేజ్ తీసి చూస్తే, పెట్టిన ప్రాపర్టీలే కనిపిస్తాయి. ప్రయారిటీ 0 అని ఉండటం వేరు, ప్రయారిటీ అన్న వరసే లేకపోవడం వేరు. అయితే ఇలా తీసి చూడటం టెస్ట్ క్యూల మీదే చేయండి. అసలు క్యూలో చేస్తే మెసేజ్‌ల స్థితి మారొచ్చు.

4. క్యూకు ప్రయారిటీ తెలుసా? మెసేజ్‌లో అంకె ఉన్నంత మాత్రాన క్యూ పట్టించుకోవాలని లేదు. రాబిట్‌ఎంక్యూ క్లాసిక్ క్యూను సృష్టించేటప్పుడే ‘ఎక్స్-మ్యాక్స్-ప్రయారిటీ’ ఇవ్వాలి. తర్వాత పాలసీతో చేర్చడం కుదరదు. వేరే విలువతో అదే క్యూను మళ్లీ ప్రకటిస్తే 406 ఎర్రర్ వస్తుంది. యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్‌లో ‘ప్రయారిటైజ్డ్ మెసేజెస్’ సెట్టింగ్‌ను ఆన్ చేయాలి. ఐబీఎం ఎంక్యూలో క్యూ డెలివరీ వరస ప్రయారిటీయా, ముందొచ్చినది ముందా అన్నది చూడాలి.

5. పంపేచోట నిజంగా పెట్టారా? జావాలో ఇదో పాత గుంత. మెసేజ్ మీద నేరుగా ప్రయారిటీ సెట్ చేస్తే జేఎంఎస్ దాన్ని పట్టించుకోదు. పంపే సమయంలో ప్రొవైడర్ తన విలువను రాసేస్తుంది. ప్రొడ్యూసర్ మీద పెట్టాలి, లేదా సెండ్ చేసేటప్పుడు ఇవ్వాలి. స్ప్రింగ్ వాడేవారికి ఇంకో మెలిక: జేఎంఎస్ టెంప్లేట్‌లో ప్రయారిటీ పెట్టినా, ‘ఎక్స్‌ప్లిసిట్ క్యూఓఎస్’ను ఆన్ చేయకపోతే అది వర్తించదు.

6. ప్రీఫెచ్ చూడండి. బ్రోకర్ ఒకేసారి కొన్ని మెసేజ్‌లను కన్స్యూమర్ చేతిలో ముందుగానే పెడుతుంది. అలా చేతికి వెళ్లిపోయిన వాటిని తర్వాత వచ్చిన 9 కూడా దాటలేదు. యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్‌లో క్యూలకు ప్రీఫెచ్ మామూలుగా 1000. రాబిట్‌ఎంక్యూలో మనం పరిమితి పెట్టకపోతే హద్దే ఉండదు. ప్రయారిటీ ముఖ్యమైన చోట ప్రీఫెచ్ తక్కువ ఉండాలి.

మందు ఎక్కడ వేయాలి?

మన ఉదాహరణలో లోపం బ్రిడ్జ్‌లో ఉంది. ఇటు భాషా తెలుసు, అటు భాషా తెలుసు. మరి డిఫాల్ట్‌ను అనువదించాల్సిన పని దానిదే. పంపే 20 ప్రోగ్రాములనూ మార్చమనడం కన్నా, సరిహద్దు దగ్గర ఒక్క నియమం రాయడం మేలు. ఆ నియమం చాలా చిన్నది.

ప్రయారిటీ లేకుండా వస్తే 4 అని రాసి పంపు. 0 నుంచి 9 మధ్య ఉంటే ఉన్నది ఉన్నట్టే పంపు. 9 దాటితే 9గా పంపు. ఏఎంక్యూపీ 1.0లో ఈ ఫీల్డ్ ఒక బైటు, అంటే 255 వరకు రావొచ్చు. అందుకే మూడో వాక్యం అవసరం. అవతల క్యూ గరిష్ఠం 9 ఉండాలి. అక్కడ 5 అని పెట్టి ఉంటే, 8 వచ్చినా 5గానే లెక్కవుతుంది, మెట్ల మధ్య తేడా చెరిగిపోతుంది. అలాగని 255 పెట్టొద్దు. మెట్లు పెరిగే కొద్దీ మెమరీ, సీపీయూ ఖర్చు పెరుగుతాయి.

ఎంక్యూటీటీ నుంచి వచ్చేవాటికి ఏం చేయాలి? అక్కడ ఫీల్డే లేదు కాబట్టి టాపిక్‌ను బట్టి నిర్ణయించాలి. ఉదాహరణకు ‘అలారం’ టాపిక్‌లో వచ్చినవాటికి 8, ‘రీడింగ్’లో వచ్చినవాటికి 4. ఎంక్యూటీటీ 5లో యూజర్ ప్రాపర్టీలు ఉన్నాయి, పంపేవారు ఒప్పుకుంటే వాటిలో అంకె పంపొచ్చు. ఏదైనా సరే, నియమం ఒకచోట రాసి ఉండాలి.

రాబిట్‌ఎంక్యూ 4.0లో కోరమ్ క్యూలను వాడుతుంటే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. వాటిలో లోపల రెండే మెట్లు: మామూలు, హై. ప్రయారిటీ లేనివి, 0-4 ఉన్నవి మామూలు. 4 దాటినవి హై. హై మెసేజ్‌లు రెండు వెళ్తే మామూలువి ఒకటి వెళ్లేలా నిష్పత్తి ఉంటుంది. కాబట్టి పై ఉదాహరణలో టికెట్, ఆఫర్ రెండూ ఒకే మెట్టు మీద నిలబడతాయి. వాటిని విడదీయాలంటే వేర్వేరు క్యూలు పెట్టుకోవడమే మార్గం.

కోడ్‌లో పొంచి ఉన్న రెండు ఉచ్చులు

నియమం ఒక్క వాక్యమే అయినా దాన్ని రాయడంలో జారిపడేవారు ఎక్కువ. జావాలో ప్రయారిటీని మామూలు ఇంట్ ఫీల్డ్‌గా పెడితే, విలువ ఇవ్వనప్పుడు దానంతట అదే 0 అవుతుంది. ఖాళీని దాచుకోవడానికి దానికి చోటే లేదు. నల్ పట్టే ఇంటిజర్ రకం వాడితేనే ‘లేదు’ అన్న సంగతి నిలుస్తుంది.

పైథాన్‌లో ఉచ్చు తిరగబడి ఉంటుంది. ‘ప్రయారిటీ ఆర్ 4’ అని చిటికెలో రాసేస్తారు. కానీ పైథాన్‌కు 0 కూడా అబద్ధమే! కావాలనే 0 పెట్టిన మెసేజ్ 4 అయిపోతుంది. విలువ ‘నన్’ అవునా కాదా అనే అడగాలి. ఒకచోట ఖాళీ సున్నా అయింది, మరోచోట సున్నా ఖాళీ అయింది. రెండూ ఒకే జబ్బు.

ల్యాప్‌టాప్‌లోనే ప్రయోగం

ఇదంతా చదివి వదిలేస్తే వారంలో మర్చిపోతారు. ఒక సాయంత్రం కేటాయిస్తే చేతికి వస్తుంది. డాకర్‌లో మేనేజ్‌మెంట్ పేజీ ఉన్న రాబిట్‌ఎంక్యూ ఇమేజ్‌ను నడపండి. 5672 పోర్ట్‌లో బ్రోకర్, 15672లో వెబ్ పేజీ వస్తాయి. పైథాన్‌లో పికా లైబ్రరీ వేసుకోండి.

మొదటి ప్రయోగం: గరిష్ఠ ప్రయారిటీ 9తో ఒక క్లాసిక్ క్యూ సృష్టించండి. కన్స్యూమర్‌ను ఇంకా నడపొద్దు. ప్రయారిటీ లేకుండా 10 ‘టికెట్’ మెసేజ్‌లు, ఆ తర్వాత ప్రయారిటీ 2తో 10 ‘ఆఫర్’ మెసేజ్‌లు పంపండి. ఇప్పుడు ప్రీఫెచ్ 1 పెట్టి కన్స్యూమర్‌ను నడపండి. వెనక వచ్చిన ఆఫర్లే ముందు బయటికొస్తాయి.

రెండో ప్రయోగం: టికెట్ మెసేజ్‌లకు 4 అని స్పష్టంగా పెట్టండి. ఈసారి ఆఫర్లను ముందు పంపండి. అయినా టికెట్లే ముందు వస్తాయి.

మూడో ప్రయోగం: ప్రీఫెచ్ పరిమితి తీసేసి, ప్రతి మెసేజ్‌కు ఒక సెకను ఆగి అక్‌నాలెడ్జ్ చేసే కన్స్యూమర్‌ను ముందే నడిపి ఉంచండి. తర్వాత ఆఫర్లు, టికెట్లు పంపండి. ప్రయారిటీ ఉన్నా వచ్చిన వరసలోనే వెళ్లడం చూస్తారు.

చివరగా పైన చెప్పిన నియమాన్ని ఒక చిన్న ఫంక్షన్‌గా రాసి, ఐదు టెస్టులు జతచేయండి: లేదు, 0, 4, 9, 12. రావాల్సిన జవాబులు వరసగా 4, 0, 4, 9, 9. వీటిలో మొదటి రెండూ పాసైతేనే మీ ఫంక్షన్‌కు ఖాళీకీ సున్నాకీ తేడా తెలిసినట్టు. మూడు ప్రయోగాల ఫలితాలు, ఈ టెస్టులు కలిపి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ‘మెసేజింగ్ తెలుసు’ అని రాయడం కన్నా ‘రెండు ప్రోటోకాల్స్ మధ్య డిఫాల్ట్ ప్రయారిటీ లోపాన్ని పునఃసృష్టించి, సరిచేసి, టెస్టులు రాశాను’ అన్న ఒక్క వాక్యం బరువైనది. దాని మీద ఎన్ని ప్రశ్నలు అడిగినా జవాబు మీ చేతుల్లోంచే వస్తుంది.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

ప్రశ్న: ప్రయారిటీ 9 పెట్టిన మెసేజ్ ఆలస్యంగా వచ్చింది. ఎక్కడ మొదలుపెడతారు?
జవాబు: మొదట క్యూలో ప్రయారిటీ అమల్లో ఉందా చూస్తాను. తర్వాత ఆ 9 చివరి బ్రోకర్ దాకా చేరిందా, ఆపై కన్స్యూమర్ ప్రీఫెచ్ ఎంత అన్నవి చూస్తాను.

ప్రశ్న: ప్రయారిటీ ఉంటే వరస తప్పకుండా అలాగే ఉంటుందా?
జవాబు: హామీ లేదు. జేఎంఎస్ కూడా ప్రొవైడర్ కచ్చితమైన వరస పాటించాలని పట్టుబట్టదు, తొందరవాటిని ముందు పంపేందుకు వీలైనంత ప్రయత్నించమంటుంది. కాబట్టి వ్యాపార నియమాలను ప్రయారిటీ మీద ఆధారపడేలా రాయకూడదు.

ప్రశ్న: తక్కువ ప్రయారిటీ మెసేజ్‌లు ఎప్పటికీ వెళ్లకపోతే?
జవాబు: పైనుంచి ఆగకుండా వస్తుంటే కిందివి ఆకలితో ఉండిపోతాయి. దాన్నే స్టార్వేషన్ అంటారు. వేర్వేరు క్యూలు, వాటికి వేర్వేరు కన్స్యూమర్లు పెట్టడం ఒక మార్గం.

ప్రశ్న: ఈ లోపం టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు?
జవాబు: టెస్టింగ్‌లో క్యూ ఎప్పుడూ ఖాళీగా ఉండి ఉంటుంది. కన్స్యూమర్‌ను ఆపి, మెసేజ్‌లు పోగుచేసి, అప్పుడు వదిలి వరస చూసే టెస్ట్ కావాలి.

జవాబు తెలియని ప్రశ్న వస్తే కంగారు పడొద్దు. ‘ఈ బ్రోకర్ డిఫాల్ట్ నాకు గుర్తులేదు, డాక్యుమెంటేషన్‌లో చూసి, చిన్న టెస్టుతో సరిచూసుకుంటాను’ అని చెప్పండి. ఊహించి చెప్పిన అంకె కన్నా ఈ మాటకే విలువ ఎక్కువ. ఎందుకంటే మనం మాట్లాడుకున్న లోపమే ఎవరో ‘డిఫాల్ట్ ఇదేలే’ అని ఊహించడం వల్ల పుట్టింది.

మెసేజింగ్ ఒక్కటే కాదు

మీరు మెసేజింగ్ వైపు వెళ్లకపోవచ్చు. అయినా ఈ పాఠం వృథా కాదు. డేటాబేస్‌లో నల్, 0 వేరు. ఎస్‌క్యూఎల్‌లో సగటు లెక్కేసేటప్పుడు నల్ ఉన్న వరసలను వదిలేస్తారు, 0ను మాత్రం కలుపుతారు. జేసన్‌లో కీ లేకపోవడం, కీకి నల్ ఉండటం, 0 ఉండటం మూడు వేర్వేరు సంగతులు. ప్రోటో3లో మామూలు అంకె ఫీల్డ్‌కు విలువ ఇవ్వకపోతే అవతల 0గా కనిపిస్తుంది. ఇచ్చారా లేదా తెలియాలంటే ఆ ఫీల్డ్‌ను ‘ఆప్షనల్’ అని ప్రకటించాలి. డేటా అనలిస్ట్ కావాలనుకునేవారికి ఇదే ప్రశ్న ఖాళీ గడుల రూపంలో ఎదురవుతుంది. టెస్టింగ్ వైపు వెళ్లేవారికి టెస్ట్ కేసుల రూపంలో ఎదురవుతుంది.

అందుకే రెండు వ్యవస్థలు కలిసే ఏ చోటైనా మూడు ప్రశ్నలు వేసే అలవాటు చేసుకోండి. ఇది చెప్పకపోతే ఇటువైపు ఏమనుకుంటారు? అటువైపు ఏమనుకుంటారు? ఆ తేడాను సర్దే బాధ్యత ఎవరిది? మూడో ప్రశ్నకు ‘ఎవరిదీ కాదు’ అన్న జవాబు వస్తే లోపం అక్కడే ఉంటుంది. క్యాంపస్ డ్రైవ్‌కు ఇంకా వారమే ఉన్నా సరే, ఈ శని, ఆదివారాల్లో డాకర్ తెరవండి. మొదట కన్స్యూమర్‌ను ఆపి 20 మెసేజ్‌లు పంపండి. ఏది ముందొచ్చిందో మీ కళ్లతో చూడండి.